పదమూడో బురుజు మీద ఎనిమిది తలలు

కబురు మోసే సాబినస్ ఉత్తరపు కందకంలో బోర్లా పడి ఉన్నాడు. వీపులో బాణం. బాణం కర్ర మీద మా పదమూడో బురుజు గుర్తు. భుజాన ఉండాల్సిన తోలు సంచీ మాయం.

ముందు రోజు దాకా మేం ఎనిమిది మంది సిపాయిలం. తెల్లారేసరికి ఎనిమిది అనుమానాలం అయిపోయాం.

ఆ సంచీలో ఉన్నది కొత్త పొగ కోడ్. రోము సామ్రాజ్యానికి ఉత్తరపు హద్దుగా కట్టిన హాడ్రియన్ గోడ పొడవునా బురుజు నుంచి బురుజుకు కబురు పొగలోనే వెళ్తుంది. గంటకోసారి ప్రతి బురుజూ తడిగడ్డి అంటించి ‘అంతా క్షేమం’ అని పొగ ఎత్తాలి. ఎత్తకపోతే పక్క బురుజుల వాళ్ళు కత్తులు దూసి పరిగెత్తుకొస్తారు. ఎన్ని పొగలు ఎత్తాలి, మధ్యలో ఎంతసేపు ఆపాలి అన్నది నెలనెలా మారుతుంది, నెల మధ్యలో మార్చడానికి వీల్లేదు. అది తెలిసిన శత్రువు మా గొంతులు కోసేసి, మా బురుజు మీదే కూర్చుని, మా గంజి తాగుతూ ‘అంతా క్షేమం’ అని పొగ పెట్టుకోవచ్చు.

మా గంజి తాగినవాడు ఎంతసేపు బతుకుతాడన్నది వేరే సంగతి. మా వంటవాడు ఆండో కాచే గంజి ఎంత చిక్కనిదంటే, ఓసారి గోడలోంచి ఊడిన రాయిని దాంతోనే అతికించాం. ఆ తర్వాత చుట్టూ ఉన్న రాళ్ళన్నీ రెండుసార్లు మార్చారు. అది మాత్రం కదల్లేదు.

కోట కమాండర్ లుక్కెయస్‌కు కోపం గుర్రమెక్కి వచ్చేది, ఆలోచన వెనకాల నడిచి వచ్చేది. పైగా గవర్నర్ గోడ తనిఖీకి బయల్దేరి ఉన్నాడు. రోజుకు కొన్ని బురుజులు చూసుకుంటూ, అక్టోబరు పదిహేనున, మేం ఐడ్స్ అనే రోజున, పొద్దెక్కాక ఐదో గంటకు మా బురుజు పక్కనున్న గేటు దాటాలి. ఆలోపు ఈ మచ్చ తుడిచెయ్యాలని కమాండర్ పట్టుబట్టాడు. ఎలా తుడవాలో ఆయన పక్కన నిలబడ్డ మెట్టియస్, వందమంది సిపాయిల మీద పెద్ద అయిన సెంచూరియన్, చెప్పాడు. ఐడ్స్ రోజు నాలుగో గంటలోపు ద్రోహి ఎవడో తేలితే వాడొక్కడు. తేలకపోతే ఎనిమిది మందీ.

కాపలాలో ద్రోహం చేసినవాణ్ణి మాలో తలారి చంపడు. తోటివాళ్ళే చంపాలి. కోటలో ఉన్న నాలుగు వందల మంది మైదానంలో రెండు వరుసలుగా నిలబడతారు. మధ్యలోంచి మేం నడవాలి. అందరి చేతుల్లోనూ కర్రలే. ఆ రోజు కత్తి తేవడం నిషేధం, కత్తయితే తొందరగా అయిపోతుందని.

మెట్టియస్ మాటంటే కోటలో శాసనం. ఇరవై ఏళ్ళుగా డ్యూటీలో చుక్క ముట్టని మనిషి. తుమ్మినా ఏ దేవుడి పేరు మీద తుమ్మాడో చెప్పేవాడు. అలాంటివాడు అనుమానించాడంటే మామీద మాకే అనుమానం వచ్చింది.

నా పేరు బార్సెమిస్. సిరియా వాణ్ణి, విలుకాణ్ణి. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఇంకో మూడేళ్ళుంటే పౌరసత్వం, కాస్త భూమి చేతికొస్తాయి. ఇప్పుడు చూస్తే చేతిలో మూడు రోజులున్నాయి.

అప్పుడు దిగాడు సీక్రెట్ ఏజెంట్ విబియస్.

రోములో గోధుమల శాఖ అని ఒకటుంది. పేరుకు సైన్యానికి ధాన్యం కొంటారు. అసలు పని గుట్లు కొనడం. సామ్రాజ్యంలో ఏ మూల ఏ దొర నిద్రలో ఏం కలవరించాడో మర్నాడు ఉదయానికి ఆ శాఖలో ఫైలు తయారు. గవర్నర్‌ను చంపడానికి ఉత్తరాది సెల్గోవే తెగవాళ్ళు ఒక ముఠా కట్టారని, గోడకు ఇటువైపు వాళ్ళ మనిషి ఒకడున్నాడని వాసన తగిలి, విబియస్ నెల రోజులుగా గోడ వెంబడి తిరుగుతున్నాడు. అతని మిషన్ ఒక్కటే, ఆ మనిషి పేరు కనిపెట్టడం.

చూడ్డానికి పొట్టి, బట్టతల, కాస్త బొజ్జ. అతని ముఖం గుర్తుండదు. ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే కూడా మధ్యలో రెండుసార్లు మర్చిపోయి, తమరెవరని అడిగాను. చేతిలో ఎప్పుడూ గోధుమలు కొలిచే కంచు కుంచం ఉండేది. దానికి రెండు అడుగులు. పై అడుగు తిప్పితే కింద పిడిబాకు, మైనం, మూడు మీసాలు, ఒక గడ్డం, ఎండు చేప ముక్క. చేప ముక్క ఏ పనికని అడిగితే, ఆకలికి అన్నాడు.

మొదటి రోజు మా బురుజు నిచ్చెన రొప్పుతూ ఎక్కాడు. గోధుమల్లో పురుగుందని కంప్లెయింట్ వచ్చింది, చూసిపోవాలి అని మొదలుపెట్టి, ఒక్కొక్కణ్ణీ పక్కకు పిలిచి కుశలం అడిగినట్టే అడిగాడు. ఎనిమిది మందిని అడిగితే తొమ్మిది పేర్లు వచ్చాయి. మా బురుజు పెద్ద గన్నస్కస్ నా పేరు చెప్పాడు, సిరియా వాళ్ళు నవ్వుతూ అబద్ధమాడతారని. నేను ఆండో పేరు చెప్పాను, అలాంటి గంజి కాచేవాడు హత్యకు వెనకాడడని. ఆండో తనతో కలిపి ఇద్దరి పేర్లు చెప్పాడు, ఎందుకైనా మంచిదని. పదేళ్ళు ఒకే కంబళి కింద పడుకున్నవాళ్ళం, ఆ రోజు నుంచి ఎవడి గిన్నె వాడు తలకింద పెట్టుకుని పడుకున్నాం.

విబియస్ మాలో ఎవరి మాటా నమ్మలేదు. సాబినస్ శవాన్ని చూసొచ్చి, నన్ను పైఅంతస్తు వసారాలోకి పిలిచాడు.

“ఏమయ్యా విలుకాడా, ఇక్కణ్ణుంచి కందకంలో ఉన్నవాణ్ణి కొడితే బాణం ఎటు దిగుద్ది?”

“పైనుంచి కిందికి దిగుద్ది అయ్యా. ఇంకెటు దిగుద్ది?”

“వీడికి నడుం దగ్గర దూరి మెడవైపు ఎక్కింది. వింటితో వేసింది కాదిది. పక్కన నడుస్తూ చేత్తో పొడిచారు.”

నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. అయితే మేం బతికినట్టే కదా అన్నాను.

“ఎక్కడ బతికారు? మీ కమాండర్‌కి పేరు కావాలి. బాణం ఎటెక్కిందో ఆయనకి అక్కర్లేదు. చెప్పి చూశాను.” కుంచం చంకలో పెట్టుకున్నాడు. “మీ బాణాలు బయటివాళ్ళ చేతికి ఎలా పోతాయి?”

పోవు అన్నాను. నెలకోసారి ఆయుధాల తనిఖీకి పైవాళ్ళు పట్టుకెళ్తారు, లెక్క చూసి ఇచ్చేస్తారు, అంతే. పైవాళ్ళంటే ఎవరని అడిగాడు. కోటలో ఆరుగురు సెంచూరియన్లు, ఇద్దరు గుమాస్తాలు, కమాండర్. అతను వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, మీ ఎనిమిది మంది కంటే ఒకరు ఎక్కువే అని గొణిగాడు.

మర్నాడు మూటలు మోయడానికి ఒక మనిషి కావాలని కమాండర్‌ను అడిగి నన్ను వెంట తీసుకున్నాడు. ఎలాగూ పారిపోవడానికి చోటు లేదు. అటు ఉత్తరం, ఇటు సైన్యం. ఆ పొద్దున పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, ఈటె దానిలో గుచ్చి, ఈటెకు మూట తగిలించి, చెయ్యి ఖాళీ చేసుకుని చెమట తుడుచుకున్నాను. విబియస్ నమ్మలేదు. వెనక్కి తిరిగి చూసుకుని, తన టోపీ కూడా తగిలించాడు.

కోట కింద బస్తీలో వెలోరిగా దుకాణం ఉంది. ఉన్ని అంగీలు, నల్లరాతి గాజులు అమ్ముతుంది. గోడకు అటు పుట్టిన మనిషి, పాస్ మీద ఇటూ అటూ తిరుగుతుంది. ఎర్రజుట్టు, ఆకుపచ్చ అంగీ. ఆమె వీధిలో నడిస్తే కుక్కలు మొరగడం మానేసి మర్యాదగా కూర్చునేవి. కోటలో నాలుగు వందల మందికి తలా మూడు అంగీలున్నాయంటే అది చలి వల్ల కాదు. ఆమె ఉత్తరాది కబుర్లు మన హెడ్ క్వార్టర్స్‌కు చేరవేస్తుందని గోధుమల శాఖకు తెలుసు. మన కబుర్లు ఉత్తరాదికి చేరవేస్తుందని కూడా తెలుసు. అలాంటివాళ్ళను డబుల్ ఏజెంట్ అంటారు. విబియస్ అలా అనలేదు, వ్యాపారస్తురాలు అన్నాడు.

విబియస్ ఒక గాజు చేతిలో తిప్పుతూ, ఈ ఏడు పీతలు సన్నగా ఉన్నాయట అన్నాడు. అది కోడ్ వర్డ్.

ఆమె అంగీ మడత పెడుతూనే ఉంది. “మీకు ఏ జవాబు కావాలి గోధుమలాయనా? మీ కోడ్‌దా, వాళ్ళ కోడ్‌దా? పొద్దున్నుంచి ఇద్దరూ వచ్చారు, నాకు కలిసిపోయింది.”

“మన కోడ్‌దే చెప్పమ్మా.”

“పీతలు సన్నమే గానీ పట్టు గట్టిది. కూర్చోండి. ఆ మూటలాయన్ని కూడా కూర్చోమనండి, గుమ్మానికి అడ్డంగా ఉన్నాడు.”

చాలాసేపు అంగీల బేరంలాగే నడిచింది మాట. ఉత్తరాది వాళ్ళు ఐడ్స్ కోసం కాచుక్కూర్చున్నారని చెప్పింది. ఇటువైపు మనిషెవరో తనకు తెలియదంది. ముఖం చూపించడు, కబురు ఒక చెట్టు తొర్రలో పెడతాడు. విబియస్ నమ్మినట్టు తలూపాడు. ఆ తలూపడం చూస్తే అతను నమ్మలేదని నాకు అర్థమైంది. ఆమెకూ అర్థమైంది. అప్పుడు నవ్వి, చివర్లో ఒక్క మాట వదిలింది.

“మీ మనుషుల తిక్క మావాళ్ళకి అంతుబట్టదు. గవర్నర్ ఇరవయ్యో బురుజు దగ్గరుండగానే కొట్టేద్దామన్నారు మావాళ్ళు. మీవాడు వద్దన్నాడు. ఐడ్స్ దాకా ఆగమన్నాడు. ఎందుకో తెలుసా? రాయి ఇంకా తయారవలేదంట. ఏం రాయో ఏమో. మా గూడెంలో మూడు రోజులు నవ్వుకున్నారు.”

విబియస్ నవ్వలేదు. గాజు కింద పెట్టేశాడు. బయటికొచ్చాక పెద్ద పెద్ద అంగలేస్తూ నడిచాడు. నేను మూటలతో వెనక పరిగెత్తాను. ఆ పిల్ల మాట నమ్మొచ్చా అని అడిగితే, ఆమె అబద్ధం చెప్పి ఉంటే రాయి గురించి కాక ఇంకేదన్నా చెప్పేది, ఇంత పిచ్చి కారణం అల్లడానికి ఎవరికీ బుర్ర చాలదు అన్నాడు.

మా సంగతి మీకు తెలిసిందే. దేవుడికి మొక్కుకుంటాం. ఆయన మన పని చేసిపెడితే రాతి పీఠం చెక్కించి, పేరు వేయించి, మొక్కు తీరిందని రాయించి నిలబెడతాం. ముందు ఆయన వంతు, తర్వాత మన వంతు. తీరిన మొక్కు చెల్లించకుండా ఊరు దాటినవాడి వెంట దేవుడు సముద్రం దాటి అయినా వస్తాడు. ఇది పసిపిల్లలకు కూడా తెలుసు.

మూడో రోజు, ఐడ్స్‌కు ముందు రోజు, బస్తీ చివర రాళ్ళు చెక్కే వెర్కో దొడ్డికి వెళ్ళాం. అడుగుపెట్టగానే రెండు పీఠాల వెనక నుంచి ఇద్దరు లేచారు. ముఖాల మీద నీలిరంగు గీతలు, చేతుల్లో బరిసెలు. మేం వస్తున్నామని ఎవరో చెప్పి ఉండాలి. ఆ ఎవరో ఎవరన్నది వేరే చెప్పక్కర్లేదు, ఆకుపచ్చ అంగీ మనిషే.

విబియస్ ఏమీ ఎరగనట్టు, గోధుమలు కావాలా నాయనా అంటూ కుంచం ముందుకు చాచాడు. మొదటివాడు లోపలికి తొంగి చూశాడు. అదే వాడు చేసిన పొరపాటు. ఆ కుంచం వాడి తలకు కిరీటంలాగా దిగిపోయింది. మొన్నటి దాకా ఊడి రాలేదట, కంసాలిని పిలిచి కోయించారట. రెండోవాడు నా మీదకు దూకాడు. నేను గొప్పగా పోరాడాను. నాలుగు మూటలూ వాడి మీద పడేసి, వాటి మీద నేను కూర్చున్నాను. గోధుమలు బరువు, నేను ఇంకా బరువు.

వెర్కో ఉలి పక్కనపెట్టి ఇదంతా తీరిగ్గా చూశాడు. విబియస్ వాళ్ళిద్దరినీ కట్టిపడేశాక, ఐడ్స్‌కి ఇవ్వాల్సిన రాయి ఏదని అడిగాడు. వెర్కోకు ఎవరో ఒకరు తన కష్టం అడిగితే చాలు. చెప్పుకొచ్చాడు. నలభై ఏళ్ళలో ఇలాంటి గిరాకీ తగల్లేదు. అందరూ పని అయ్యాక రాయి చెక్కిస్తారు. ఈ దొర పని కాకముందే చెక్కమన్నాడు. ముందే తేదీ వెయ్యమన్నాడు. తొందరపెట్టాడు. తన నడుం పట్టేసిందని చెప్తే, నీ నడుం కోసం ఎంతమంది ఆగాలిరా అని తిట్టాడు. ఐడ్స్ పొద్దున సూర్యుడు పైకొచ్చేలోపు కొండమీద కోసిడియస్ దేవుడి గుళ్ళో నిలబెట్టాలట.

గోడవైపు తిప్పిపెట్టిన రాయిని మేం ఇటు తిప్పాం. నాకు అక్షరం రాదు. విబియస్ వేలు పెట్టి చదివాడు.

“కోసిడియస్ దేవుడికి. సెంచూరియన్ మెట్టియస్ తన మొక్కు మనస్ఫూర్తిగా తీర్చుకున్నాడు. అక్టోబరు ఐడ్స్.”

నేనూ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను. మెట్టియస్‌కు ఆయుధాల తనిఖీ ఉంది. మా బాణం చేతికందుతుంది. కర్రల సలహా ఇచ్చింది ఆయనే. కోట మొత్తం కత్తుల్లేకుండా మైదానంలో ఉంటుంది. మా బురుజు ఖాళీగా ఉంటుంది. కోడ్ తెలిసినవాళ్ళు దాని మీద పొగ పెడుతుంటారు. గవర్నర్ దాని కిందుగా నడుస్తాడు. మా ఎనిమిది మంది చావు అసలు పని కాదు, అసలు పనికి తెర మాత్రమే.

“ముందుగా ఎందుకు చెక్కించాడయ్యా?” అన్నాను.

“ఆ పనయ్యాక ఇక్కడుండడు కాబట్టి. ఉత్తరానికి పోతాడు. పోయినవాడు తిరిగొచ్చి మొక్కు తీర్చలేడు. మనుషుల్ని మోసం చెయ్యడానికి సిద్ధపడ్డాడు గానీ దేవుణ్ణి మోసం చెయ్యలేకపోయాడు.” రాయి మీద దుమ్ము ఊదాడు. “నిజాయితీపరుడయ్యా. అదే వీడి జబ్బు.”

వెంటనే కమాండర్ దగ్గరికి పోదామన్నాను. అతను పోయాడు. నేను గుమ్మం బయట నిలబడి విన్నాను. భక్తి ఎప్పటినుంచి నేరమైందని కమాండర్ కసిరాడు. గవర్నర్ క్షేమంగా రావాలని మొక్కుకుని ఉంటాడు, నీలాంటి గోధుమల వాడికేం తెలుసన్నాడు. పైగా ముఠావాళ్ళు ఎక్కడ దాక్కున్నారో చెప్పు, అప్పుడు నమ్ముతా అన్నాడు. కట్టిపడేసిన ఇద్దరికీ వాళ్ళ భాష తప్ప ఏదీ రాదు, వాళ్ళ భాషలో కూడా తిట్లే వచ్చు.

విబియస్ బయటికొచ్చి, నన్ను బురుజుకు పొమ్మన్నాడు. ఎవరికీ ఒక్క ముక్క చెప్పొద్దన్నాడు. నేను వెళ్తూ వెళ్తూ వెనక్కి చూస్తే, మెట్టియస్ ఇంటి వసారాలో విబియస్ కూర్చుని ఆలివ్ కాయలు తింటున్నాడు. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. మెట్టియస్ తన చేత్తో గిన్నె అందిస్తున్నాడు.

అప్పుడు నాకు మొదటిసారి నిజంగా భయమేసింది. ముఖం గుర్తుండని మనిషిని నమ్మాను. ఇటు డబుల్ ఏజెంట్లున్నప్పుడు అటు ఉండరా? మిగతా ఏడుగురూ ఏమైందని అడిగారు. ఏమీ కాలేదు, గోధుమల్లో పురుగు లేదని తేలింది అన్నాను. గన్నస్కస్ నా కళ్ళలోకి చూసి, అబద్ధమాడేటప్పుడు నువ్వు నవ్వుతావు కదరా, ఇవాళ నవ్వట్లేదు, అందుకే భయంగా ఉంది అన్నాడు.

ఐడ్స్ పొద్దున మంచు విడిపోయి ఎండ కాసింది. మా చేతులు ముందుకు కట్టి మైదానంలోకి నడిపించారు. రెండు వరుసలు. నాలుగు వందల కర్రలు. మొదట్లోనే నాతో పాచికలాడే దీవిక్స్ నిలబడ్డాడు. నావైపు చూడకుండా, చిన్నగానే కొడతాలే అన్నా, అని గొణిగాడు. వాడి పక్కవాడు, చిన్నగా కొడితే ఎక్కువసేపు పడుతుందిరా వెధవా, గట్టిగా కొట్టు, అన్నాడు. ఇద్దరూ నా మేలు కోరే మాట్లాడారు.

విబియస్ ఎక్కడా లేడు. కమాండర్ ఎత్తు మీద నిలబడ్డాడు. మెట్టియస్ చేతిలో ద్రాక్షకర్ర బెత్తం పట్టుకుని పక్కన నిలబడ్డాడు. కానీ రెండు మూడుసార్లు కొండవైపు చూశాడు. కొండమీద గుళ్ళో నిలబెట్టాల్సినది నిలబడలేదని ఎవరో చెప్పి ఉంటారు. దూరంగా మా బురుజు మీంచి పొగ లేచింది. ఒకటి, రెండు, మళ్ళీ ఒకటి. అంతా క్షేమం. మేం ఎనిమిది మందిమీ ఇక్కడున్నాం, అక్కడ పొగ ఎవడు పెట్టాడో అడిగే బుర్ర ఆ క్షణంలో కమాండర్‌కు లేదు.

ఆయన చెయ్యి పైకెత్తాడు. చెయ్యి కిందికి దిగితే మేం నడవాలి.

అప్పుడే కిర్రుకిర్రుమంటూ ఎడ్లబండి ఒకటి వరుసల మధ్యలోకి వచ్చింది. బండి మీద రాయి. తోలుతున్నవాడు నడుం వంగిపోయిన ముసలి శిల్పి, దుమ్ము కొట్టుకున్న గడ్డం. అచ్చం వెర్కో. తిన్నగా ఎత్తు దగ్గర ఆపి, మెట్టియస్ దొరగారి రాయి కొండెక్కలేదయ్యా, ఎద్దు కుంటిది, ఇక్కడే అప్పజెప్పుతా అన్నాడు. అందరికీ వినబడేలా పలక చదివాడు కూడా. అప్పుడు తెలిసింది నాకు, ఇది వెర్కో కాదని. వెర్కోకు చదవడం రాదు, చెక్కడమే వచ్చు.

కమాండర్ చెయ్యి గాల్లోనే ఉంది. మెట్టియస్ తొణకలేదు. గవర్నర్ గారు క్షేమంగా గేటు దాటాలని మొక్కుకున్నాను, తప్పా అన్నాడు. వరుసల్లో మెచ్చుకోలు వినబడింది.

“తప్పేం లేదు దొరా, మంచి మొక్కు,” అన్నాడు బండి మీది ముసలాడు. “కాకపోతే గవర్నర్ ఇంకా దాటలేదు కదా. కాని పనికి రాయి నిలబెడితే దేవుణ్ణి తొందరపెట్టినట్టు ఉంటది. అందుకని తమరి పేరు చెక్కేస్తున్నా. ఆయన దాటాక మళ్ళీ చెక్కుతా. ఎంతసేపు, ఒక్క గంట.”

ఉలి మొదటి అక్షరం మీద పెట్టాడు. మనసులో మచ్చలేనివాడైతే సరే కానీ అని ఊరుకునేవాడు. గంటలో పోయేదేముంది?

సుత్తి దెబ్బ పడింది. ఒక అక్షరం ఎగిరిపోయింది.

“ఆగు,” అన్నాడు మెట్టియస్.

రెండో అక్షరం పోయింది. మెట్టియస్ మెడ మీద చెమట కారింది. సాబినస్ చచ్చాడు, కోడ్ దొరికింది, కోట ఖాళీ అయింది. దేవుడు తన వంతు సగం పైగా చేసేశాడు. ఆయన చేస్తుండగా ఇటు పేరు ఊడిపోతోంది. మూడో అక్షరం మీద ఉలి పెట్టాడు ముసలాడు. చక్రవర్తికి భయపడని మనిషి, కర్రలకు భయపడని మనిషి, బెత్తం జారవిడిచి రాయి ముందు మోకాళ్ళ మీద పడ్డాడు.

“పేరు ఉంచు. ఏం కావాలంటే అది చెప్తా.”

గడ్డం ఊడదీసి బండి దిగాడు విబియస్. “మనుషులెక్కడ?”

“పదమూడో బురుజు గడ్డివాములో. తొమ్మిది మంది. పైన పొగ పెట్టేవాడొకడు.”

అదే క్షణంలో పడమటి దారిలో గవర్నర్ ముందు ఊదే బూర వినబడింది. చెప్పిన గంట కంటే ముందే వచ్చేశాడు. ఆయనకు మా గోడ మీద చలి పడలేదట, తొందరగా ముగించుకుందామని.

కత్తులు బ్యారక్స్‌లో తాళాల్లో ఉన్నాయి. తెచ్చే టైము లేదు. నాలుగు వందల మందీ కర్రలతోనే పరిగెత్తారు. చేతులు కట్టి ఉన్న మేం ఎనిమిది మందిమీ కూడా పరిగెత్తాం. ఎందుకంటే ఇరవై రెండేళ్ళుగా బూర వినబడితే పరిగెత్తడమే అలవాటు. వాళ్ళు మా వెనకున్నారో ముందున్నారో చూడలేదు. కర్రలున్నవాళ్ళకు ముందుంటే కాస్త కంగారుగా ఉంటుందని మాత్రం తెలిసింది.

బురుజు పక్కన మట్టిగట్టు, దాని కింద ఇల్లంత గడ్డివాము. అటు గేటులోంచి గవర్నర్ గుర్రం అప్పుడే తల బయటపెట్టింది. ముప్ఫై అడుగుల దూరం. గడ్డిలోంచి సన్నగా ఒక బాణం ములికి బయటికొచ్చి ఆయన గుండె వైపు తిరగడం నేను గట్టు మీంచి చూశాను. విలుకాణ్ణి కదా, ఆ చూపు నాకు తెలుసు. వాడు ఊపిరి బిగబట్టాడు.

నేను దూకానని బస్తీలో చెప్తారు. చెప్పనిస్తాను. నిజానికి కాలు జారింది. కట్టిన చేతులతో, పదేళ్ళు ఆండో గంజి తిన్న శరీరంతో, గట్టు మీంచి దొర్లి వాము నడినెత్తిన పడ్డాను. వాము కూలిపోయింది. బాణం సూటిగా ఆకాశంలోకి పోయింది. ఏ దేశంలో దిగిందో ఇప్పటికీ కబురు లేదు. మిగతా నాలుగు వందల మంది వచ్చి, వాము మీద కర్రలతో పడ్డారు. కొట్టినవాళ్ళు కొట్టారు, కొట్టడానికి చోటు దొరకనివాళ్ళు ఎక్కి కూర్చున్నారు. పైన పొగ పెట్టేవాణ్ణి గన్నస్కస్ నిచ్చెన కింద కాచుకుని, దిగీ దిగగానే కట్టిన చేతులు వాడి మెడలో దండలా వేసి కౌగిలించుకున్నాడు. ఆ కౌగిలింతతో వాడికి ఎన్ని ఎముకలున్నాయో వాడికే తెలిసింది.

మెట్టియస్‌ను గొలుసులేసి రోముకు పంపారు. పోయేముందు విబియస్ ఆ రెండు అక్షరాలూ మళ్ళీ చెక్కించాడు. మాట ఇచ్చాను కాబట్టి అన్నాడు. ముందు రోజు వసారాలో ఆలివ్ కాయలు తింటూ కూర్చున్నది వాడి భక్తి ఎంత లోతో కొలవడానికేనట. వెలోరిగా కోసం బస్తీకి వెళ్తే దుకాణం మూసి ఉంది. తలుపు మీద ఒక ఆకుపచ్చ అంగీ, విబియస్ కొలతకు కుట్టినది, వేలాడుతోంది. ఆమె మనల్ని మోసం చేసిందా, వాళ్ళనా అని అడిగాను. ఇద్దరికీ నిజమే చెప్పిందయ్యా, ఇంత ప్రమాదకరమైన మనిషిని నేను ఎక్కడా చూడలేదు అంటూ అంగీ తొడుక్కున్నాడు.

గవర్నర్ గుర్రం మీంచి చూసిన దృశ్యం మాత్రం ఇది: నాలుగు వందల మంది సిపాయిలు, ఒక్కరికీ కత్తి లేదు, అందరి చేతుల్లో కర్రలు, కొందరు గడ్డివాము మీద కూర్చుని సెల్యూట్ చేస్తున్నారు, వాము అడుగునుంచి ఏవో మూలుగులు. ఇదేమిటని ఆయన అడిగాడు. ఉత్తరాదివాళ్ళు తన కోటవాడి సాయంతోనే గవర్నర్‌ను కూల్చబోయారని చెప్పుకోవడం ఏ కమాండర్‌కూ ఇష్టముండదు. లుక్కెయస్ గొంతు సవరించుకుని, గడ్డి దులుపుతున్నాం దొరగారూ అన్నాడు.

పదమూడో బురుజు దగ్గర గడ్డి చాలా శ్రద్ధగా దులుపుతారని రోముకు వెళ్ళిన రిపోర్టులో రాసి ఉందట, ఆ ఏడు నుంచి గోడ మీదున్న బురుజులన్నీ నెలకోసారి అలాగే దులపాలని ఆర్డరు వచ్చింది.